మూడో అరలో బిస్కెట్ల డబ్బా

అక్కా, నేను కులాసాగా ఉన్నాను, దిగులు పెట్టుకోకు.

రొమ్ము ఆపరేషన్ తర్వాత బరువు పెరగకూడదన్నారని, వెళ్తూ వెళ్తూ బిస్కెట్ల డబ్బాని నా చెయ్యి లేవని ఎత్తులో, గోడకున్న మూడో అరలో పెట్టిపోయావు కదా. "చెయ్యి ఎత్తాలనుకోకండి, వేళ్ళని గోడమీద నడిపించండి" అంటుంది వ్యాయామం నేర్పే అమ్మాయి. రోజూ పొద్దున్నే, కుట్టుమిషన్ దగ్గర కూర్చోకముందే ఆ అరల పక్క గోడమీద నడిపిస్తున్నాను. వేళ్ళు చీమల్లా ఎండలోకి ఎక్కిపోతుంటే నిద్రో మెలకువో తెలీదు. ఆగినచోట గుడ్డమీద గీసే సుద్దతోనే గీత పెడతాను. "గోడకి చొక్కా కుడతావా ఏంటి?" అని మీ మరిది నవ్వు.

నిన్న కళ్ళు మూసుకుని నడిపిస్తుంటే, గోడ అయిపోయి వేళ్ళకి చల్లగా రేకు తగిలింది. డబ్బా! దించి ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. మూత తియ్యడమే మర్చిపోయాను.

నా ఊదారంగు దారపుండ నీ సంచిలో వచ్చిందేమో చూడు. బావగారి మోకాలు ఎలా ఉంది? పిల్లలకి నా ముద్దులు.

నాలుగో అర ఖాళీగా ఉంది. నువ్వే వచ్చి, డబ్బాని అక్కడ పెట్టిపో.

నీ చెల్లి