కుడికాలి మేజోళ్లు

విల్కానియా దగ్గర ఉన్ని షెడ్డు, మంగళవారం

అమ్మా,

నాకు రెండు కాళ్లూ ఉన్నాయి. కుడికాలి మేజోళ్లు మాత్రమే పంపమన్నానని నువ్వు "ఎడమకాలు పోతే పోయిందని చెప్పు నాయనా, ఏడవనులే" అని రాయక్కర్లేదు. ఉన్ని కత్తిరిస్తూ గొర్రెను తిప్పేటప్పుడు నా బరువంతా కుడికాలి మీదే పడుతుంది. కొట్లో కొన్నవి మూడు రోజులకే మడమ దగ్గర చిల్లుపడతాయి. నువ్వు అల్లినవి నెల ఆగుతాయి, కాలు ఒరుసుకోదు. బొటనవేలి వంపు చూసి అల్లుతావు కాబట్టి ఎడమది కుడికాలికి పట్టదు. అలా ఎడమవి ఏడు మిగిలిపోయాయి.

నిన్న నా పక్కనే కత్తెర వేసే లిండ్సే వాటిని చూశాడు. వాడిది ఎడమచేతివాటం, వాడికి చిరిగేవి ఎడమవే.

"ఏరా క్లెమ్, ఎన్ని ఎడమకాళ్లున్నాయిరా నీకు?" అన్నాడు.

"ఏడుపెందుకు, నువ్వూ మీ అమ్మని అడిగి తెప్పించుకో" అన్నాను.

"చలికాలంలో పోయిందిరా. ఆవిడ అల్లిన కుడివి ఇంకా ఆరున్నాయి" అన్నాడు.

ఏడూ ఇచ్చేశాను. వాడు ఒకటి తొడుక్కుని మళ్లీ గొర్రె దగ్గరికి వెళ్లాడు.

నీళ్ల ట్యాంకు నిండిందా? ఎర్రావు ఈనిందా? చెల్లి ఐవీకి దగ్గు తగ్గిందో లేదో రాయి. సబ్బులు పంపకు, ఇక్కడ బోలెడున్నాయి. నాన్నని అడిగానని చెప్పు, ఐవీకి నా ముద్దులు.

మేజోళ్లు ఇకనుంచి జతలుగానే పంపు. ఎడమవి కాస్త పొడుగ్గా అల్లు. వాడి పాదం నాకన్నా పెద్దది.

నీ క్లెమ్