ప్రతి పాదం చివర

జూన్ 21, 2024, శుక్రవారం

బడి తెరిచి వారం గడిచింది. వేసవికి ముందు కుట్టించిన యూనిఫాం మనవరాలు గీతికకు మోకాళ్ళపైకి పోయింది. రెండో క్లాసు అసెంబ్లీలో ముందు వరుసలో నిలుచునే పిల్లను టీచరు వెనక వరుసకు పంపిందట. మా వంశంలో ఆజానుబాహువులు ఉండేవారు. నాకు సంతోషమే కలిగింది.

కోడలు పావనికి కలగలేదు. సాయంత్రం కాఫీ ఇచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. మావయ్యగారండీ, పిల్ల ఒంట్లో మార్పులొస్తున్నాయండి, మొహాన మొటిమలు, చెమట వాసన కూడా పెద్దవాళ్ళలాగే ఉందండి, ఓసారి రాజమండ్రిలో డాక్టరుకి చూపిస్తానండి అంది. నా భార్య వరలక్ష్మమ్మ వంటింట్లోంచే, ఫారం కోడి తింటే అంతేనే, అది మానిపించు, డాక్టరెందుకు అని కేకేసింది.

తీర్పు నన్ను చెప్పమన్నారు. శరీరం ఋతువు వంటిది, దాని కాలాన్ని అది ఎరుగును, చెట్టు పూస్తూ ఉంటే వైద్యుణ్ణి పిలుస్తామా అన్నాను. వాక్యం చక్కగా కుదిరిందనిపించింది. పావని ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

జూలై 14, ఆదివారం

కొడుకు హర్ష మమ్మల్నందరినీ తన హేచరీకి తీసుకెళ్ళాడు. ఉప్పాడ దగ్గర, సముద్రపు ఒడ్డున. రొయ్యపిల్లలను పుట్టించి చెరువులవాళ్ళకు అమ్మే చోటు. అన్నీ చూపించి చివరికి ఒక చీకటి గదిలోకి తీసుకుపోయాడు. ఎర్రటి చిన్న దీపం, గుండ్రటి ట్యాంకులు. ఒక మనిషి తల్లి రొయ్యను వలతో పైకి తీశాడు. మరొకడు కాల్చిన పటకారుతో దాని కంటి కాడను ఒకదాన్ని నొక్కేశాడు. మళ్ళీ నీటిలో వదిలారు.

హర్ష ఉత్సాహంగా వివరించాడు. ఆ కంటి కాడలోనే ఉంటదండి నాన్నగారండీ, అది ఎదక్కుండా ఆపే హార్మోను, కన్ను తీసేస్తే బ్రేకు తీసేసినట్టే, రోజుల్లో గుడ్లకొచ్చేస్తదండి అన్నాడు. వదిలేస్తే ఆ కాలం వచ్చినప్పుడు అదే పెట్టదా అన్నాను. పెడతదండి, కానీ మనకంత టైమెక్కడిదండి అని నవ్వాడు.

దానికి నొప్పెట్టదా నాన్నగారండీ అని గీతిక అడిగింది. రొయ్యకి నొప్పేంటమ్మా అన్నాడు. మరెందుకు గింజుకుంది అంది. రాత్రి భోజనంలో పిల్ల రొయ్యల వేపుడు ముట్టలేదు.

ఆగస్టు 9, శుక్రవారం

గీతిక తలనొప్పి అని బడి మానేసింది. ఫోను చూడవద్దని మందలించాను.

ఆగస్టు 25, ఆదివారం. ఉదయం పది గంటలు

గీతిక రజస్వల అయింది. ఏడేళ్ళు నిండి నాలుగు నెలలు.

పంచాంగం తీశాను. ఆదివారం, భరణి. వారమూ మంచిది కాదు, నక్షత్రమూ మంచిది కాదు. శాంతి జరిపించాలి. వచ్చే నెల భాద్రపదం, శుభాలకు పనికిరాదు. శుక్రవారం పుష్యమి ఉంది. ఆ రోజు శాంతి, మంగళస్నానం, హాలులో వేడుక అని నిర్ణయించాను. వెనక గదిలో కొత్త తాటాకు చాప పరిచి పిల్లను కూర్చోబెట్టారు. వరలక్ష్మమ్మ అప్పుడే నువ్వులు వేయించి చిమ్మిలి దంచడం మొదలుపెట్టింది. స్నానమయ్యేదాకా మగవాళ్ళు ఆ పిల్ల ముఖం చూడరాదు.

పావని ఏడవలేదు. అదే నాకు ఆశ్చర్యం. మావయ్యగారండీ, దానికింకా పాలపళ్ళు ఊడుతున్నాయండి, ఇది ఫంక్షను చేసే విషయం కాదండి, ఇప్పుడే కారు తియ్యమనండి అంది. శాంతి కానిదే గడప దాటించరాదమ్మా, శుక్రవారం వేడుక అయ్యాక ఎక్కడికైనా తీసుకెళ్ళు అన్నాను. ఆమె భర్త వంక చూసింది. నాన్నగారు చెప్పాక ఇంకేంటి అంటూ హర్ష ఫంక్షన్ హాలువాళ్ళకు ఫోను చేశాడు.

ఆగస్టు 26, సోమవారం

రోజూ సాయంకాలం గీతిక నాకు ఒక పద్యం చదివి వినిపించడం ఈ ఇంటి నియమం. నాలుగేళ్ళ వయసు నుంచీ ఉన్నదే. గదిలో కూర్చున్నంత మాత్రాన మానడమెందుకని, కోరుకొండ నరసింహస్వామిపై నేను కట్టిన పద్యం ఒకటి పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి లోపలికి పంపాను. తలుపు వారగా వేశారు. నేను ఇవతల కుర్చీలో, అది అవతల చాప మీద.

చదివింది. ప్రతి పాదంలోనూ చివరి మాట ఎగిరిపోయింది. మొదటి పాదం కుంటింది, రెండోదీ అక్కడే కుంటింది. యాభై ఏళ్ళుగా పద్యం వింటున్న చెవి ఇది. అన్నంలో రాయిలా తగిలింది. చివరి మాట ఏదమ్మా అన్నాను. కాయితంలో లేదండి తాతగారండీ అంది. రాసింది నేను. లేకపోవడమేమిటి? అబద్ధాలాడకు అన్నాను.

ఆగస్టు 28, బుధవారం

పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. చిమ్మిలి రుచి మరిగి ఎక్కువ తినేసిందండి అంది వరలక్ష్మమ్మ. పావని గదిలోంచి వచ్చి, పక్కనే పెట్టిన మంచినీళ్ళ గ్లాసు కోసం తడుముకుంటోందండి మావయ్యగారండీ అంది. వెనక గది చీకటి, లైటు వేసుకోండి అన్నాను. వేసే ఉందండి అంది.

సాయంత్రం మళ్ళీ పద్యం. మళ్ళీ అదే తప్పు. ప్రతి పాదం చివరా అదే తప్పు. చదివిందే మళ్ళీ చదివించాను. అలసట ఎక్కువైనకొద్దీ నా గొంతు పెరిగిందని ఒప్పుకోవాలి. చివరికి లోపల ఏదో గుసగుస వినిపించింది. ఆ తరవాత ఏడుపు గొంతుతో నాలుగు పాదాలూ నిండుగా చెప్పింది. మనసు పెడితే రాదా అన్నాను.

ఆగస్టు 30, శుక్రవారం. రాత్రి

శాంతి సక్రమంగా జరిగింది. వేడుకా ఘనంగా జరిగింది. లంగావోణీలో గీతిక చిన్న బొమ్మలా ఉంది. ఓణీ నిలవక పిన్నీసులు గుచ్చారు.

వేదిక దిగేటప్పుడు పక్కనున్న మెట్టు దాటేసి పడిపోయింది. నా బావమరిది శ్యాంబాబు మైకందుకుని, బావగారండీ, మీ పద్యానికి పిల్ల కళ్ళు తిరిగి పడిందండి, కాస్త డోసు తగ్గించండి అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

దాన్ని లేపి మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టాక, అక్షతలు వేయడానికి పక్కగా వెళ్ళాను. భుజం మీద గింజలు పడగానే పిల్ల ఉలిక్కిపడింది. నేను వస్తున్నట్టు దానికి తెలియలేదు. అంత దగ్గరగా, అంత వెలుగులో.

నిద్ర పట్టడం లేదు.

ఆగస్టు 31, శనివారం

తెల్లవారేసరికి పావని పిల్లను కారులో కూర్చోబెట్టింది. ఎవరి అనుమతీ అడగలేదు. హర్ష తాళాలు తీసుకున్నాడు. నేను వెళ్ళి ముందు సీటులో కూర్చున్నాను. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ దిగమనలేదు. కొవ్వూరు వంతెన దాటి రాజమండ్రి చేరాం.

హార్మోన్ల డాక్టరు పేరు రూతు. మెత్తని మనిషి. పిల్ల ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీయించి లైటు మీద పెట్టింది. ఇది పదకొండేళ్ళ పిల్ల చెయ్యిలా ఉందండి అంది. ఆ ఎముకల చివర ఉండవలసిన సందులు మూసుకుపోతున్నాయట. అవి మూసుకున్నాక ఎదుగుదల ఉండదట. ఇప్పుడు క్లాసులో అందరికన్నా పొడుగు, తరవాత అందరికన్నా పొట్టి అయిపోతుందండి అంది. ఇదే చెయ్యి పట్టుకుని నేను దీర్ఘాయుష్షు చెప్పాను. పుట్టిన ఘడియలు గుణించి జాతకం రాశాను.

చిన్నపిల్లల మెదడులో ఒక బ్రేకుంటుందండి, టైమొచ్చేదాకా అదే ఆపుతుంది, ఈ పాపకి ఆ బ్రేకు ముందే వదిలేసింది, ఎందుకు వదిలేసిందో చూడాలండి అంది డాక్టరు. హర్ష తల ఎత్తాడు. నేను అతని వైపు చూడలేదు. అతనూ నా వైపు చూడలేదు.

తరవాత తన రెండు చేతులూ బారుగా చాపి, పాపా, నన్నే చూస్తూ ఉండు, వేళ్ళు కదుల్తుంటే చెప్పమ్మా అంది. వేళ్ళెక్కడున్నాయండీ అంది గీతిక. డాక్టరు ముఖం మారింది. ఏదైనా చదివిద్దామండి, కాయితముందా అని అడిగింది. నా లాల్చీ జేబులో ఆ పద్యమే ఉంది. ఇచ్చాను.

చదివింది. ప్రతి పాదం చివరా ఆగింది. ఇక లేదండి అంది.

అమ్మ మొన్న చెవిలో చెప్పింది కదా, అది చెప్పనాండీ అని డాక్టరునే అడిగింది.

ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందండి అని డాక్టరు మమ్మల్ని అడిగింది. జూన్లోనే తీసుకొద్దామనుకున్నామండి, కుదర్లేదు అంది పావని. నా పేరు చెప్పలేదు.

సెప్టెంబరు 5, గురువారం

ఎమ్మారై వచ్చింది. రెండు కళ్ళ నరాలూ కలిసే చోట గడ్డ. బ్రేకును విరిచింది అదే, పక్కచూపును కమ్మింది అదే. రోజురోజుకీ చూపు తగ్గుతోంది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేయాలట.

డాక్టరును ఒంటరిగా అడిగాను. అమ్మా, జూన్లో వచ్చి ఉంటే? ఆమె కాగితాలు సర్దింది. చూపు ఇంకాస్త మిగిలేదండి అంది. తరవాత, మీరు పెద్దవారు, కూర్చోండి అని కుర్చీ జరిపింది.

నేను కూర్చోలేదు. చెట్టు పూస్తూ ఉంటే అన్న నా వాక్యం ఆ గదిలో ఎవరో మళ్ళీ చదువుతున్నట్టు ఉంది.

సెప్టెంబరు 7, శనివారం

వినాయక చవితి. పత్రి తెచ్చేవారు లేరు. పూజ చేయలేదు.

సెప్టెంబరు 24, మంగళవారం. విశాఖపట్నం

గడ్డ కొంత తీశారు. అంతా తీస్తే ప్రాణానికే ముప్పట. మిగిలినదానికి కీమో. శరీరాన్ని వెనక్కి పట్టి ఉంచడానికి నెలకో ఇంజెక్షను, పిల్లకు పదేళ్ళ వయసు దాటేదాకా. బ్రేకును మళ్ళీ వేస్తున్నారన్నమాట.

ఎడమ కన్ను పోయింది. కుడి కంటిలో మధ్యన కొంత నిలిచింది.

గుండు మీద కట్టుతో పడుకున్న పిల్లను చూసి వరలక్ష్మమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. ఏమండీ, మీరన్నీ చదివారు కదండీ అంది. ఇంతకాలంలో నన్ను ఆమె అన్న మాట ఇదొక్కటే.

అక్టోబరు 20, ఆదివారం

ఇంటికి వచ్చాం. హేచరీలో ఆ చీకటి గది పని దగ్గరుండి చూడడం ఇక నావల్ల కాదని హర్ష భాగస్వాములతో చెప్పాడట. వాళ్ళు వేరొకరిని పెట్టుకున్నారు.

పావని నాకు కాఫీ ఇస్తూనే ఉంది. మావయ్యగారండీ అనే పిలుస్తోంది. ఏ విషయమూ అడగడం మాత్రం మానేసింది.

నవంబరు 17, ఆదివారం

సాయంకాలం పద్యం లేదు. గీతిక పక్కన ఊరికే కూర్చున్నాను.

తాతగారండీ, ఆ రొయ్యకి రెండో కన్ను ఎందుకు వదిలేస్తారండీ అంది.

మేత వెతుక్కోవడానికమ్మా అన్నాను.

నేను ఏ పక్కన ఉన్నానో చూడడానికి తల మొత్తం తిప్పింది.