తాళం లేని పేజీ

మోహనకృష్ణ బావకి,

ఇది మెసేజ్ పెట్టడానికి భయమేసి కాగితం మీద రాత్తన్నాను. మన కూలీల సంఘం సైటు సేసింది నువ్వు గనక నీకే రాయాలి.

గవర్రాజు పోయాడని నీకు తెలుసు. ఎలా పోయాడో నీకు తెలీదు. మేం పన్జేసే యార్డులో రేకుల షెడ్ల మధ్య సిగ్నల్ రాదు, అందరం కాంట్రాక్టరు వైఫైయే వాడతాం. భోజనాల కాడ కూకుని, క్రేన్ మెట్లు తుప్పట్టి ఊగిపోతన్నాయని ఆడు మన సైటులో ఫిర్యాదు రాశాడు. సాయంత్రానికి ఆ రాసిందంతా పొల్లు పోకుండా కాంట్రాక్టరు మనిషి అందరి ముందూ సదివాడు. "అంత బెంగైతే నువ్వే ఎక్కి రంగెయ్" అన్నాడు. మర్నాడు ఎక్కించారు. మెట్టు ఊడిపోయింది. ఆడే కాలు జారి పడ్డాడని రాసేసుకున్నారు.

కంచరపాలెంలో ఫోన్లు బాగుసేసే తౌసిఫ్ సూసి సెప్పాడు. మన సైటుకి తాళం లేదంట. వైఫై ఎవరిదైతే ఆళ్ళు మనం కొట్టిన ప్రతి మాటా సదివేయొచ్చంట. "సైటు తెరిత్తే ఫోను సెక్యూర్ కాదంటందేటి బావా" అని నాను ముందే అడిగాను. "డబ్బులు కట్టే సైటు కాదు కదా, తాళమెందుకు" అన్నావు. మాకు దాసుకోడానికి డబ్బులెక్కడివి బావా? దాసుకోవాల్సింది మా పేర్లే.

"మీ పేరు బయటికి రాదు" అని ఆ పేజీ మీద ఇంకా అలాగే ఉంది. తాళమైనా పెట్టు, ఆ ముక్కైనా సెరిపెయ్.

ఆడి పెళ్ళాం తాయారు అదే యార్డులో ఊడుత్తది. మొగుడెలా పోయాడో మన సైటులో రాత్తానని ఇయ్యాల భోజనాల కాడ నా ఫోన్ అడిగింది. ఛార్జింగ్ లేదని అబద్ధమాడాను.

రేపడిగితే ఏటి సెప్పమంటావ్?