టైటానియానికి ట్రాక్టర్ రంగు

బాపూ,

నువ్వు పోయాక వచ్చిన మొదటి దసరా ఇది. జనగామలో మన సైకిల్ షాపు నేనే నడుపుతున్నాను. ఒక్కసారైనా ముట్టుకోవాలని నువ్వు ఆశపడ్డ టైటానియం సైకిల్ నిన్న మన గడప ముందుకే వచ్చింది. ఒంటిచేత్తో లేపాను. తోమిన గిన్నెలా మసకగా మెరిసే ఆ లోహానికి రంగే అక్కర్లేదని చెప్పేవాడివి గుర్తుందా? దాని యజమాని, ప్లాట్లు అమ్మే పెద్దమనిషి, పూజకు ముందు ట్రాక్టర్లకు రంగేసే చోట దానికి ఎర్ర రంగు కొట్టించాడు. గేర్ల పళ్లకు కూడా.

"గట్లెందుకు జేసినవన్నా?" అన్నాను.

"రంగు లేకుంటే తుప్పు పడ్తది గద చెల్లె. చూసెటోళ్లు పాత సైకిల్ అనుకుంటున్నరు."

తుప్పు పట్టదనే కదా లోకం దాన్ని కొనేది! ఆ తలకాయకు ఏ రంగు వేసినా దండగే. పైగా నడుము నొస్తోందట, స్ప్రింగు సీటు వెయ్యమన్నాడు. టైర్లు చూస్తే రాళ్లలా ఉన్నాయి. నువ్వు చేసినట్టే బొటనవేలితో నొక్కి చూసి, కొంత గాలి తీసి పంపాను.

పోతూ పోతూ నీ పాత సైకిల్‌ను చూశాడు. "రంగు మిగిలింది, దీనికి గూడ కొట్టియ్యమంటవా?"

"జోలికి రాకు" అన్నాను.

రోజూ గడప దాటించేటప్పుడు నువ్వు పట్టి లేపిన చోట, నడిమి కడ్డీ మీద నాలుగు వేళ్ల మేర రంగు పోయింది. నేనూ అక్కడే పట్టుకుని లేపుతున్నాను.