ఇంటర్నెట్‌కెక్కిన ఏనుగుల కొంగు

అమీర్‌పేట, హైదరాబాద్
2 ఫిబ్రవరి 1999

మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని ఈ ఉత్తరం చదువుతున్న మా వెంకటనర్సు మామకు,

వహీద్ సలాములు. రంజాన్‌కు వచ్చినప్పుడు చెప్పానే, కంప్యూటర్ నేర్చుకుంటున్నానని? నేర్చేసుకున్నాను! ఇంటర్నెట్‌లో నాకంటూ ఒక సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నాను. అందులో ఫోటో పెడితే ఏ దేశంలో ఉన్నవాళ్లయినా తమ కంప్యూటర్‌లో చూడొచ్చు.

ఇక అసలు సంగతి. ఢిల్లీలో చేనేత ప్రదర్శన పెట్టే మంజులత మేడం మన జిల్లా నుంచి ఒక్కరిని పిలుస్తారట. పది రోజులు జనం ముందు కూర్చుని పని చేసి చూపించాలి. నీ ఏనుగుల కొంగు చీర గురించి ఆమెకు ఈమెయిల్ రాశాను. "ఫోటోలు నీ వెబ్‌సైట్‌లో పెట్టు, మార్చి పదిహేను లోపల చూసి చెబుతాను" అన్నారు. మామా, ఇంతకాలం నీ చీరలన్నీ షావుకారు పేరు మీదే పోయాయి. ఈసారి నీ పేరు కనిపించాలి. వెంటనే ఫోటోలు తీయించి పంపు.

నీ అల్లుడు, రంగుల దుకాణం పీర్ మహమ్మద్ కొడుకు
వహీద్

తా.క. ఫోటోలో చీర కనబడాలి. స్టూడియో రజాక్ భాయ్‌తో గట్టిగా చెప్పు.

ఆలేరు
9 ఫిబ్రవరి 1999

చిరంజీవి వహీద్‌కు, ముందు దీవెనలు, తర్వాత మిగతా సంగతులు.

నీ ఉత్తరాన్ని మీ అబ్బా దుకాణం మూసి మరీ వీధంతా చదివి వినిపించాడు. సంతోషంతో ఆ పూట నేను మగ్గం ముట్టలేదు.

చీర పట్టుకుని రజాక్ స్టూడియోకు పోయి, దండెం మీద వేసి తీయమన్నాను. "మనిషి లేని ఫోటో నేను దియ్య నర్సన్నా. ముప్పై ఏండ్ల సంది నా స్టూడియోల గట్ల దియ్యలే" అన్నాడు. అందుకని చీర మీ అత్త యాదమ్మకు కట్టించాం. అమ్మే చీర మన ఇళ్లలో ఆడవాళ్లు కట్టరని నీకు తెలుసు. ఇన్నేళ్లుగా రంగులో ముంచే ముందు దారాలకు పట్టీలు కట్టడమే గాని, అలాంటి చీర ఒంటి మీద వేసుకోవడం ఆమెకు ఇదే మొదటిసారి. అద్దం ముందు నుంచి కదలదే!

రజాక్ వెనక జలపాతం తెర దించి, పక్కన ప్లాస్టిక్ గులాబీల కుండీ పెట్టాడు. కొంగు సగం కుండీ వెనక్కు పోయింది గాని, ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. మూడు పంపుతున్నాను. ఈ చీర నా పని అని పెద్ద అక్షరాలతో రాయి.

వెంకటనర్సు

తా.క. మీ అత్త చెప్పమంటోంది: "గా జలపాతం మా ఇంట్ల లేదని గుడ రాయమను. లోకమంతా జూస్తే రేపు బిందెలు వట్టుకొని వస్తరు."

అమీర్‌పేట
20 ఫిబ్రవరి 1999

మామకు, ఎగిరి గంతులేస్తూ వహీద్ రాసేది.

ఎక్కింది! నీ చీర ఇంటర్నెట్‌కు ఎక్కింది! స్కానర్ అని ఒక పెట్టె ఉంది. ఫోటోను దాని మీద బోర్లా పడుకోబెడితే లోపల ఒక దీపం నడుచుకుంటూ పోతుంది, బొమ్మ కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. దాన్ని వెబ్‌సైట్‌కు పంపాలంటే టెలిఫోన్ లైను కావాలి. ఒక్కో బొమ్మకు నలభై నిమిషాలు. సగం పోయాక మా ఇంటి ఓనరు నర్సింగమ్మ చెల్లెలితో మాట్లాడాలని రిసీవర్ ఎత్తింది, అంతా పోయింది. మళ్లీ మొదటి నుంచి. మూడోసారి ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఒక చిక్కు వచ్చింది గాని నేనే సర్దేశాను. రజాక్ భాయ్ చెయ్యి వణికినట్టుంది, ఏనుగుల అంచులన్నీ చెదిరిపోయాయి. మౌస్‌తో దిద్దుదామంటే గీత వంకర పోతోంది. అందుకని ఫోటోల మీదే స్కేలు పెట్టి, సన్నపు పెన్నుతో ఏనుగులన్నిటికీ అంచులు గీసి, ఆ తర్వాత స్కాన్ చేశాను. మూడు రోజుల పని! ఇప్పుడు ఒక్కో ఏనుగు కత్తిరించి అతికించినట్టుంది. ప్రింటు తీయించి వేరే కవర్లో పంపుతాను.

నీ వహీద్

తా.క. వెబ్‌సైట్‌ను ఎందరు చూశారో కింద అంకె పడుతుంది. ఇప్పటికి పదకొండు. అందులో పది నేనే. ఆ పదకొండోవాళ్లెవరో తెలియక అన్నం సహించడం లేదు.

ఆలేరు
1 మార్చి 1999

వహీద్, దీవెనలు ఈసారి చివర్లో ఇస్తాను.

నీ ఉత్తరం ముందు వచ్చింది, ప్రింటు నాలుగు రోజులకు వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగిందో విను. "చెయ్యి వణికేటోనివి స్టూడియో ఎందుకు వెట్టినవ్?" అని రజాక్‌ను నలుగురిలో అడిగేశాను. అతన్ని ఇంటికి లాక్కొచ్చి, కెమెరాను మగ్గం రాటకు నూలు తాడుతో బిగించి, కొంగు మళ్లీ తీయించాను. ఈసారి మనిషి లేకుండానే తీశాడు. ఏడుస్తూ తీశాడు.

తర్వాత ప్రింటు వచ్చింది. చీర పక్కన పెట్టి చూశాను. ఎవరు నేశారురా దీన్ని? మిల్లులో అచ్చు కొట్టిన గుడ్డలా ఉంది! దారానికి ముందే రబ్బరు పట్టీలు కట్టి రంగులో ముంచుతాం. కట్టు కిందికి రంగు కాస్త పాకుతుంది, నేసేటప్పుడు వెంట్రుకవాసి జరుగుతుంది. అందుకే ఇలా కట్టి నేసే మన చిటికి చీరలో ఏ బొమ్మకూ గీసినట్టు గీత ఉండదు. చేతి పని అనడానికి ఆ చెదిరిన అంచే సాక్ష్యం. రంగుల దుకాణంలో పుట్టి పెరిగి దాన్ని నువ్వే తుడిచేశావు! ఆ మేడం చూస్తే నన్ను మోసగాడనుకుంటుంది. నలభై ఏళ్ల పని నాది. నాకు కోపం కన్నా ఏడుపు ఎక్కువ వస్తోంది. వెంటనే దించెయ్.

దీవెనలు.
వెంకటనర్సు

తా.క. రజాక్‌కు నలుగురిలోనే క్షమాపణ చెప్పాను. ఒప్పుకున్నాడు గాని, తన ఫోటో కూడా ఇంటర్నెట్‌లో పెట్టాలట. కూలింగ్ గ్లాసులతో.

అమీర్‌పేట
5 మార్చి 1999

మామా, కొట్టు, తిట్టు, ముందు ఇది చదువు.

బొమ్మలు దించేశాను. కానీ మేడం అప్పటికే చూసేశారు. ఆ పదకొండోది ఆమే! "అచ్చు గుడ్డను చేనేత అంటావేం?" అని రాశారు. కాళ్లావేళ్లా పడితే పదిహేనో తేదీ దాకా ఆగుతానన్నారు. నా దగ్గరున్నవన్నీ పెన్ను పడిన ఫోటోలే. రెండోసారి తీసినవి ఎలాగైనా పంపు.

సిగ్గుతో,
వహీద్

తా.క. రజాక్ భాయ్ ఫోటో తప్పకుండా పెడతాను. రెండు పెడతాను.

ఆలేరు
11 మార్చి 1999

చిరంజీవి వహీద్‌కు, ఈ ఉత్తరాన్నీ రీలు డబ్బీనీ రైల్లో తెచ్చిన గులాబ్‌బీకి ముందు ఛాయ్ తాగించి, తర్వాత చదువు.

రీలు ఇమ్మంటే రజాక్ కెమెరాను ఒళ్లో దాచుకున్నాడు. "ముప్పై ఆరు బొమ్మల రీలు ఇది. ఇంక తొమ్మిది మిగిలినయ్. రీలు నిండకుంట కడిగిస్తే నాకు బువ్వ తినబుద్ధి గాదు" అన్నాడు. అతని పద్ధతి నీకు తెలుసు. పెళ్లి వస్తే గాని రీలు నిండదు, నిండితే గాని సికింద్రాబాద్ ల్యాబుకు పోదు. పోయినసారి ఒక పెళ్లి తగిలి వెంటనే నిండింది, ఇప్పుడు దగ్గర్లో పెళ్లిళ్లు లేవు.

అందుకని వీధంతా వరుస కట్టింది. రంగు డబ్బాల నడుమ మీ అబ్బా ఒకటి. మేకతో గులాబ్‌బీ ఒకటి, మేక కదిలిందని ఇంకొకటి. గుర్వయ్య కొత్త సైకిల్‌తో ఒకటి, సైకిల్ లేకుండా ఒకటి. రజాక్ అద్దంలో తనను తాను తీసుకున్నాడు. ఇంకా మూడు మిగిలాయి, మనుషులు అయిపోయారు. మీ అత్తను పిలిస్తే "కట్టు ఇడిసిపెట్టి నేను రాను, దారం జారుతది" అంది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే మూడుసార్లు తీసి రీలు నింపేశాం. కొంగు బొమ్మలు మొదట్లో ఉంటాయి, మిగతావి నువ్వు పట్టించుకోకు. నా పేరు మాత్రం మరిచిపోకు.

వెంకటనర్సు

తా.క. గులాబ్‌బీ ఫోటో ఎలా వచ్చినా బాగుందనే చెప్పు. మేకకు ఆ పూట స్నానం కూడా చేయించింది.

అమీర్‌పేట
17 మార్చి 1999

యాదమ్మ అత్తకు వహీద్ సలాములు.

మామా, ఈ ఉత్తరం నీకు కాదు. అత్తకు చదివి వినిపించు, మధ్యలో ఏదీ వదిలేయకు.

అత్తా, పదమూడో తేదీన రీలు కడిగించాను. ఈసారి ఏదీ దిద్దడానికి ధైర్యం చాలలేదు, ఏది తీసేయాలో కూడా తెలియలేదు. ముప్పై ఆరూ ఉన్నవి ఉన్నట్టే ఎక్కించేశాను, మేకతో సహా. నర్సింగమ్మ రెండు రోజులు ఫోన్ ముట్టకుండా నా వెనకే నిలబడి చూసింది.

నిన్న మంజులత మేడం ఫోన్ చేశారు. కొంగు అంచు చూడగానే చేతి పనేనని ఒప్పుకున్నారు. నేను ఎగిరి గంతేసే లోపల, చివరి మూడు ఫోటోల గురించి అడిగారు. "ఆ రంగు వేళ్ల ఆమె ఎవరు? ఏ ఏనుగు ఎక్కడ రావాలో ఆ కట్టులోనే తేలిపోతుంది కదా?" అన్నారు. మా అత్త యాదమ్మ, ముప్పై ఏళ్లుగా కడుతోంది అన్నాను. "మరి చీర కింద ఆమె పేరు ఎందుకు లేదు?" అన్నారు. లైను సరిగా లేదన్నాను.

ఇప్పుడు రాశాను అత్తా. మన జిల్లా నుంచి ఢిల్లీకి పోయేది నువ్వేనని మేడం తేల్చేశారు. పది రోజులు జనం ముందు కూర్చుని కట్టి చూపించాలి. ఏప్రిల్ రెండున రైలు. ఆమె రాసుకోవడానికి ఫోన్‌లో నీ పేరు ఒక్కో అక్షరం చెబుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నీ అల్లుడు,
వహీద్

తా.క. మగ్గం మీద నేసి చూపించడానికి తోడుగా ఒకరిని తీసుకుపోవచ్చట. ఎవరి పేరు రాయమంటావో నువ్వే చెప్పు. ఈ ముక్క చదువుతున్నవాళ్లు నీ ముఖం వంకే చూస్తుంటారు, తొందరపడకు.