పసుపు ధర అడిగితే

బాపూ,

నిన్ననే నీ సంవత్సరీకం చేశాం. ఈరోజు నీ మనవరాలు, నా బిడ్డ స్వప్నకు వచ్చిన సంబంధం గురించి ఆరా తీయడానికి మెట్‌పల్లి వైపు పిల్లవాడి ఊరికి వెళ్ళాను.

నా పెళ్ళప్పుడు నువ్వు బర్రెలు కొనేవాడిలా వెళ్ళి మంగలి షాపులో కూర్చున్నావు కదా. నేనూ పసుపు బేరానికి వచ్చినట్టు హోటల్లో చాయ్ తాగుతూ ధర అడిగాను. పిల్లవాడి పేరే ఎత్తలేదు.

హోటలాయన గ్లాసు కడుగుతూ, నా ముఖం చూడకుండా అన్నాడు: "ఫికర్ చెయ్యకక్కా, పిల్లగాడు బంగారం."

చాయ్ వదిలేసి బస్సెక్కాను. ఊరు దాటకముందే ఆ పిల్లవాడి ఫోన్.

"అత్తమ్మా, మా ఇంటికి రాకుండనే పోతున్నవేంది? గా బస్సు కిటికి కాడ ఎండ కొడ్తలేదా?"

వెనక్కి తిరిగి చూడలేదు బాపూ.

ఇంటికి రాగానే స్వప్న నవ్వుతూ, "ఏమన్నరు అవ్వా?" అని అడిగింది.

బంగారమన్నారని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు.