కుడిచేత్తో ఆరేళ్ళు

ఎస్తేరక్కా,

నమస్కారం. ఈ శుక్రవారానికి నువ్వు వెళ్ళి పదకొండు నెలలు నిండాయి. ఇక్కడ అందరం బాగున్నాం. నీ మరిదిగారికి దగ్గు తగ్గి మళ్ళీ కోర్టుకు పోతున్నారు. చిత్తూరులో ఎండలు అప్పుడే మొదలయ్యాయి.

ఇక ఆట సంగతి. నీతో నేను వేరే ఏం మాట్లాడాను గనక?

మీ బడి వెనక హాల్లో మన పింగ్‌పాంగ్ బల్ల అలాగే ఉంది. నువ్వు పోయాక దాని దగ్గరికి ఎవరూ రాలేదు. లేడీస్ క్లబ్బు వాళ్ళంతా క్యారమ్స్ చుట్టూ చేరారు. మూడు నెలలు చూశాను. తరువాత బల్ల రెండు ముక్కల్లో ఒకదాన్ని గోడకు ఆనించి, నెట్టుకు గుర్తుగా గోడ మీద సుద్దగీత గీసి, గోడతో ఆడడం మొదలుపెట్టాను.

గోడ మంచిదే అక్కా. ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగా ఇస్తుంది. కానీ ఒక్క తప్పూ చేయదు. ఒక్క మాటా అనదు... నేను చేతులు ముడుచుకుని కొట్టినప్పుడల్లా నువ్వు అనేదానివే, "ఏమ్మే రాజమ్మా, బంతి ఏమన్నా కరుస్తాదా? ముందుకొచ్చి కొట్టు!" అని. ఆ మాట కోసం ఎన్నిసార్లు ఆగానో.

నోటుపుస్తకం మాత్రం మానలేదు. ప్రతి సాయంత్రం ఆట అయ్యాక ఎప్పటిలాగే రాస్తున్నాను. నెట్టులో పడ్డవి ఎన్ని, బల్ల దాటి పోయినవి ఎన్ని, ఎడమపక్క తప్పినవి ఎన్ని. ఇప్పుడు అందులో ఒకటే వరస. నీ పేరు కింద వరస ఖాళీ. ఆ గీత గీయడం మానేద్దామనుకుని కూడా రోజూ గీస్తూనే ఉన్నాను. ఎందుకో చెప్పలేను.

ఆడడానికి ఒక మనిషి కావాలి అక్కా. అంతే. నలభై నాలుగేళ్ళ ఆడది ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది?

దసరా తరువాత ఒక మనిషి వచ్చింది. సబ్ రిజిస్ట్రారు గారి భార్య, కనకవల్లి. తిరుపతి నుంచి బదిలీ మీద వచ్చారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నన్ను చూసి తనకూ నేర్పమంది. ఆ రోజు నేను ఇంటికి ఎంత వేగంగా నడిచానో నీకు తెలుసా? పెట్టెలోంచి బంతులు తీసి, సొట్ట పడ్డవాటిని వేడినీళ్ళలో వేసి నున్నగా చేశాను. యుద్ధం రోజుల్లో మద్రాసు నుంచి బంతులు రాకపోతే మనం ఉన్న మూడింటితోనే ఏడాది నెట్టుకొచ్చాం కదా, అలా.

మొదటి సాయంత్రం ఆమెను ఇరవై ఒకటికి రెండుతో ఓడించాను. రెండోనాడు మూడు. ఆట అయ్యాక నోటుపుస్తకం తెరిచి చూపించాను. నెట్టులో ఎన్ని పడ్డాయో, చెయ్యి ఎక్కడ వంగుతోందో, అన్నీ విడమరిచి చెప్పాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

అయిదో రోజు తలనొప్పి అంది. ఆరో రోజు క్యారమ్స్ దగ్గర కూర్చుంది. బడి ఆయా నవ్వుతూ మోసుకొచ్చింది ఆమె అన్న మాట. "ఆయమ్మతో ఆడేదానికన్నా గోడతో ఆడేది మేలు" అందట.

గోడతో ఆడడం ఎలా ఉంటుందో ఆమెకేం తెలుసు?

మళ్ళీ గోడే. నాలుగు నెలలు. చెయ్యి బాగా సాగింది. బంతిని అడుగు నుంచి కోసినట్టు కొట్టే దెబ్బ, నువ్వు ఎంత చెప్పినా రానిది, ఇప్పుడు పదికి ఎనిమిది సార్లు వస్తోంది. ఎవరికి చూపించను?

పోయిన నెలలో నగరి నుంచి మీ చెల్లెలు మార్తమ్మ వచ్చింది. నీ పుస్తకాలు, కళ్ళజోడు బడివాళ్ళ దగ్గర తీసుకుని మా ఇంటికి వచ్చింది. నీ బ్యాటు నా చేతిలో పెట్టింది. కాఫీ తాగుతూ తన మానాన తాను మొదలుపెట్టింది. "మాయక్క వేలూరు హాస్టల్లో ఎడమచేత్తో కొడితే ఎవురూ నిలిచేవోళ్ళు కారు. దొరసానమ్మ కూడా ఓడిపోయింది!"

నీది ఎడమచేతి వాటమా? నాతో ఎప్పుడూ కుడిచేత్తోనే ఆడావని చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టి ఒకటే నవ్వు. "కుడిచేత్తోనా? రాసేదీ తినేదీ కొట్టి కొట్టి మార్పించినారు గానీ, ఆటలో ఎవురు మార్పించినారు మాయక్కను?"

ఎవరు మార్పించారు... నేనే కదా అక్కా.

ఆమె వెళ్ళాక గుర్తుకొచ్చింది. మొదటి రోజు. నాకు ముప్పై ఏడేళ్ళు, బ్యాటు ఎటు పట్టుకోవాలో తెలియదు. నువ్వు ఎడమచేత్తో బ్యాటు పట్టుకుని మొదటి బంతి వేయబోయావు. నేను వెనక్కి జరిగి, శుభమా అని మొదలుపెడుతూ ఎడమచేత్తో ఇస్తే తీసుకోనన్నాను. మా ఇంట్లో ఎడమచేత్తో ఏదిచ్చినా నాయన చేయి ముడుచుకునేవాడు. ఆ అలవాటు. నువ్వు బ్యాటు కుడిచేతికి మార్చుకున్నావు. అంతే. అరగంటలో నేను ఆ మాటే మరిచిపోయాను. నువ్వు ఆరేళ్ళు మరవలేదు.

నిజం చెబుతున్నాను, మొదట కోపం వచ్చింది. చివరి ఏడాదిలో నీ మీద నేను గెలిచిన ఆటలన్నిటికీ ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నాను. అవన్నీ నువ్వు పడేసిన ముష్టేనా? నన్ను చిన్నపిల్లను ఆడించినట్టు ఆడించావా? ఆ వారం బ్యాటు ముట్టలేదు.

తరువాత, నా గుణం నీకు తెలుసు కదా, ఆరేళ్ళ నోటుపుస్తకాలూ దించి వరసగా చూశాను.

మొదటి నెల. ఒక సాయంత్రం నెట్టులో పడ్డవి, నావి ఇరవై ఏడు, నీవి ముప్పై ఒకటి. మరునాడు నావి ఇరవై ఆరు, నీవి ముప్పై మూడు. నాకంటే నీవే ఎక్కువ! కుడి మూలకు వచ్చిన బంతి దగ్గర నువ్వు రెండేళ్ళపాటు తప్పుతూనే ఉన్నావు. తగ్గుతూ, ఉన్నట్టుండి పెరుగుతూ, మళ్ళీ తగ్గుతూ. కావాలని ఓడిపోయేవాళ్ళు అంత అడ్డదిడ్డంగా ఓడిపోలేరు అక్కా. నేను లెక్కలు చూసే మనిషిని, నాకు తెలుస్తుంది.

అప్పట్లో టీచరమ్మకే రాదేమిటని నేను నవ్వితే ఏమన్నావు? "నేనూ కొత్తే లేమ్మే. ఇద్దరమూ కలిసే పడదాం బాయిలో" అన్నావు. హాస్యమనుకున్నాను. ఉన్నమాటే చెప్పావు.

నువ్వు కావాలని నన్ను గెలిపించలేదు. వచ్చిన ఆటను పక్కన పెట్టి, రాని చేత్తో నా పక్కన మొదటినుంచి మొదలుపెట్టావు. ఎర్ర గుర్తులన్నీ నిజమే. కానీ ఆ ఎడమచేతి ఎస్తేరు ఎలా ఆడేదో నేను చూడనేలేదు. ఒక్కసారి ఎదురుగా నిలబడి, ఇరవై ఒకటికి సున్నాతో ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేది... ఎందుకు అడగలేదు నేను? నువ్వెందుకు చెప్పలేదు?

మొన్న సోమవారం కనకవల్లి ఇంటికి వెళ్ళాను. నాకు ఆడడానికి మనిషి లేక తోచడం లేదని, ఒక్కసారి రమ్మని అడిగాను. జన్మలో నేను అలా ఎవరినీ అడగలేదు. ఆమె చెంగు చివర నలుపుకుంటూ సరేనంది.

మంగళవారం బ్యాటు ఎడమచేత్తో పట్టుకున్నాను. ఆమె ముఖం ముడుచుకుంది. "ఎడమచేత్తోనా రాజమ్మగారూ?" అంది, అచ్చం నాలాగే. ఇది బంతి, తాంబూలం కాదన్నాను. ఫక్కున నవ్వింది.

అబ్బ, ఎంత కష్టం అక్కా! బంతి కనిపిస్తుంది, చెయ్యి పోదు. పోయినా మణికట్టు తిరగదు. ఒక బంతి నేరుగా క్యారమ్ బోర్డు మీద పడి వాళ్ళ కాయలు చెదరగొట్టింది. వాళ్ళు తిట్టారు. నువ్వు ఇంత కష్టం పడ్డావా? పైకి ఒక్కనాడూ కనిపించనివ్వలేదే.

ఆటలో నాకు పధ్నాలుగు, కనకవల్లికి ఇరవై ఒకటి. ఒక్క పాయింటు కూడా నేను ఇవ్వలేదు. నిజంగానే ఓడిపోయాను. ఆమె గట్టిగా అరిచి, అరిచినందుకు తానే నోరు మూసుకుంది. నోటుపుస్తకం నేను బయటికి తీయలేదు. ఇంటికొచ్చాక రాసుకున్నాను. ఆటకు ముందు చెయ్యి సవరించుకున్న బంతులతో కలిపి నెట్టులో నావి ఇరవై తొమ్మిది.

తిరిగి వస్తూ మీ క్వార్టర్సు ముందు అలవాటుగా ఆగాను. కొత్త టీచరు దండెం మీద బట్టలు తీస్తోంది. ఈ ఓడిపోయిన సంగతి నీకు కాక ఎవరికి చెప్పాలో తోచలేదు. అందుకే, ఏ పోస్టులోనూ వేయలేని ఈ ఉత్తరం.

రాని చెయ్యి కుదురుకోవడానికి నీకు రెండేళ్ళు పట్టింది. నాకు మూడు పట్టనీ. మానను. కనకవల్లి రేపు అయిదింటికి వస్తానంది.

నీ
రాజమ్మ